కొన్నవాడి హక్కు: కాగితానికా, అక్షరానికా?

మన పాత పుస్తకాల లోపలి పేజీలో "సర్వస్వామ్యములు గ్రంథకర్తవి" అని ఒక వాక్యం అచ్చయి ఉండేది. దాని కింద వెల ఉండేది. ఆ వెల చెల్లించినవాడికి ఏ స్వామ్యం సంక్రమిస్తుందో మాత్రం ఎక్కడా ఉండేది కాదు. పుస్తకం చేతిలో భద్రంగా ఉన్నంతకాలం ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. చెద పట్టినప్పుడు తడుతుంది.

రెడ్డిగూడెంలో ఒక పాఠకుడున్నాడనుకుందాం. నలభై ఏళ్ళ కిందట బెజవాడ ఏలూరు రోడ్డులో కొని తెచ్చుకున్న పుస్తకాలు అటక మీద ఉన్నాయి. సగం చెదల పాలయ్యాయి, మిగిలినవి పేజీ తిప్పితే పెళుసుగా విరిగిపోతున్నాయి. వాటిలో ఒక పుస్తకం, అదే ముద్రణ, పేజీకి పేజీ ఫొటో తీసి ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆయన దాన్ని తన సెల్‌ఫోనులోకి దించుకున్నాడు. పక్కింటి మేష్టారు అది దొంగసొత్తు అన్నాడు. కొడుకు, లోకమంతా చేస్తున్నదే గదా అన్నాడు. ఈ రెండు మాటలూ జవాబు కావు. మొదటిది చట్టం చదవకుండా చట్టం పేరు చెబుతుంది. రెండోది నీతి అనే ప్రసక్తే లేకుండా చేస్తుంది. అభ్యుదయ రచయితలుగా మనకిది పక్కవాళ్ళ తగాదా కాదు. మన పుస్తకాలు జనంలోకి పోవాలని సభల్లో తీర్మానిస్తాం, అవే పుస్తకాల మీద సర్వహక్కులూ మావేనని అచ్చు వేయిస్తాం. ఈ రెంటి మధ్యా పొత్తు ఎలా కుదురుతుందో మనమే తేల్చుకోవాలి.

ముందు చట్టం సంగతి. పుస్తకంలో రెండు వస్తువులున్నాయి. ఒకటి కాగితం, సిరా, దారం. రెండోది వాటి మీద నిలిచిన రచన. 1957 నాటి మన కాపీరైటు చట్టం ఈ రెంటినీ విడదీసింది. కొన్నవాడికి మొదటిది పూర్తిగా సొంతం. అతడు దాన్ని మళ్ళీ అమ్ముకోవచ్చు, ఎరువివ్వచ్చు, పొయ్యిలో పెట్టుకోవచ్చు. రచయిత అడ్డు చెప్పలేడు. ఒకసారి చలామణీలోకి పోయిన ప్రతి మీద పంపిణీ హక్కు రచయితకు మిగలదని 14వ సెక్షనే చెబుతోంది. కాని రెండోదానికి నకలు తీసే హక్కు మాత్రం రచయిత దగ్గరే, లేదా అతడి దగ్గర ఆ హక్కు కొన్నవాడి దగ్గరే ఉంటుంది.

మామిడి తోటల మధ్య బతికేవాళ్ళకు ఈ విభజన కొత్తగా తోచదు. పూత దశలోనే కాపును వ్యాపారికి గుత్తకిచ్చే రైతు కాయ అమ్ముతాడు గాని చెట్టు అమ్మడు. గుత్తదారుకు కొమ్మ నరికే హక్కు లేదు. ఇంతవరకు పోలిక బాగానే ఉంది. అయితే ఇదే మామిడి మరో సంగతి కూడా చెబుతుంది. బంగినపల్లి టెంక పాతితే మళ్ళీ బంగినపల్లే వస్తుందన్న నమ్మకం లేదు. తల్లిచెట్టు గుణం కావాలంటే అంటు కట్టాలి. అంటు అంటే నకలే. మన ప్రాంతంలో రసాలు ఒక తోట నుంచి మరో తోటకు విస్తరించింది ఈ నకళ్ళ ద్వారానే. దీన్ని దొంగతనమని ఎవరూ అనలేదు. దేశంలో మొక్కల రకాల మీద హక్కులు పుట్టుకొచ్చినప్పుడు కూడా, 2001లో చేసిన చట్టం 39వ సెక్షన్‌లో రైతు పక్షాన ఒక మాట స్పష్టంగా రాసింది. రక్షణ పొందిన రకమైనా సరే, రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కంపెనీ మార్కు వేసి మాత్రం అమ్మరాదు. 2019లో పెప్సికో కంపెనీ తన బంగాళాదుంప రకం పండించారని గుజరాత్ రైతుల మీద దావా వేసి, దేశమంతటా ఆగ్రహం వ్యక్తం కాగా నెల తిరక్కుండా వెనక్కి తీసుకుంది. రైతులు సంఘాలుగా నిలబడి పోరాడారు కనుకనే విత్తనం దాచుకునే హక్కు చట్టంలోకి ఎక్కింది. పాఠకులకు సంఘం లేదు.

అయినప్పటికీ పాఠకుడి పేర చట్టంలో ఒక సందు ఉంది. అది 52వ సెక్షన్ మొదటి ఉపభాగం. సొంత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు ఒక కృతిని న్యాయమైన రీతిలో వాడుకుంటే అది ఉల్లంఘన కాదంటుంది ఆ భాగం. 2012కు ముందు ఇది సాహిత్య, నాటక, సంగీత, చిత్రకళాకృతులకే పరిమితం. రికార్డయిన ధ్వనికీ సినిమాకూ వర్తించేది కాదు. అనగా 1980లలో మన పట్టణాల్లోని రికార్డింగ్ సెంటర్లు గ్రామఫోను రికార్డుల నుంచి ఖాళీ కేసెట్లలోకి పాటలెక్కించి ఇస్తుంటే వాటికి చట్టంలో రక్షణ లేదు సరిగదా, ఇంట్లో తన రికార్డును తానే కేసెట్లోకి ఎక్కించుకున్నవాడికి కూడా రక్షణ లేదు! దేశంలో సగం మంది సంగీతప్రియులు తమకు తెలియకుండానే నేరస్థులన్నమాట. 1984లో కేసెట్ల, వీడియోల దొంగ వ్యాపారాన్ని అణచడానికి శిక్షలు పెంచారేగాని ఈ సంగతి పట్టించుకోలేదు. 2012 సవరణ "ఏ కృతి అయినా" అని మార్చింది, కంప్యూటరు ప్రోగ్రాములను మినహాయించి. పైగా, ఈ ప్రయోజనాల కోసం కృతిని ఎలక్ట్రానిక్ మాధ్యమంలో నిలవ చేసుకోవడం కూడా ఉల్లంఘన కాదని వివరణ చేర్చింది. కంప్యూటరు ప్రోగ్రాముల విషయంలో కూడా, న్యాయంగా పొందినవాడు పోతుందనే భయంతో ఒక అదనపు నకలు ఉంచుకోవచ్చని అదే సెక్షన్లో వేరే నిబంధన ఉంది.

కాబట్టి మన రెడ్డిగూడెం పాఠకుడు తన పుస్తకాన్ని తన ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసుకుని దాచుకుంటే, దాన్ని అన్యాయమని వాదించడానికి హక్కుదారు చాలా కష్టపడాలి. ఇక్కడ ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీ కేసు గుర్తుకు తెచ్చుకోవాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో విశ్వవిద్యాలయ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద, విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్‌లా ఆ దావా కొట్టివేశారు. గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పు కానిది యంత్రంతో తీసుకున్నంత మాత్రాన తప్పు కాదన్నది ఆయన వాదసరళి. అదే ఏడు డిసెంబరులో డివిజన్ బెంచి విషయాన్ని మరింత జాగ్రత్తగా, బోధనావసరం మేరకు అని పరిమితం చేసింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా విరమించుకున్నారు. ఆ తీర్పు విద్యాబోధనకు సంబంధించిన నిబంధన మీద వచ్చింది గనుక యథాతథంగా మన పాఠకుడికి అన్వయించదు. కాని చేతిరాతకూ యంత్రానికీ తేడా లేదన్న తర్కం అతడికి కూడా పనికొస్తుంది.

చిక్కు అక్కడ కాదు. మన పాఠకుడు ఫొటో తీసుకోలేదు, మరొకడు తీసిన ఫొటోలు దించుకున్నాడు. ఫలితం ఒకటే. రెండు దారుల్లోనూ ఫోనులో చేరింది అవే అక్షరాలు. కాని చట్టం ఫలితాన్నే కాక దారిని కూడా చూస్తుంది. అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లోకి ఎక్కించినవాడు రచనను ప్రజలకు అందజేసే హక్కును ఉల్లంఘించాడు. తెలిసి చేస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. దించుకున్నవాడి చేతిలో ఉన్నది సొంత వినియోగపు నకలే గాని, అది పుట్టినచోటు మచ్చ ఉన్న చోటు. 52వ సెక్షన్ ఇలాంటి దించుకోవడాన్ని పేరు పెట్టి ఒప్పుకోలేదు, కాదనలేదు. "న్యాయమైన రీతి" అన్న మాటకు వదిలేసింది. ఆ మాటను వ్యాఖ్యానించేటప్పుడు, అతడు అసలు ప్రతి కొన్నాడా లేదా అన్నది అతడి పక్షాన బలమైన అంశమవుతుందని నా అభిప్రాయం. టారెంట్ అనే పద్ధతిలో తెచ్చుకుంటే ఈ వాదన కూడా కూలిపోతుంది. ఆ పద్ధతిలో దస్త్రం ముక్కలు ముక్కలుగా వస్తుంది; వచ్చిన ముక్కను వచ్చినట్టే మన యంత్రం ఇతరులకు పంపుతూ పోతుంది. మనం తెచ్చుకుంటున్నామనుకుంటాం, పంచుతూ కూడా ఉంటాం. సొంత వినియోగమన్న మాట అక్కడ చెల్లదు.

ఐబొమ్మ అనే సైటు సంగతి ఇక్కడ కలపకూడదు. కొత్త తెలుగు సినిమాలను అనుమతి లేకుండా అందరికీ చూపించిన ఆ సైటు నిర్వాహకుణ్ణి 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసినప్పుడు, టిక్కెట్ల ధరలతో విసిగిన ప్రేక్షకులు కొందరు అతడి పక్షం మాట్లాడారు. ఆ కోపానికి కారణాలున్నాయి. కాని అది కొననివాడి కథ. మనం మాట్లాడుతున్నది కొన్నవాడి గురించి.

కొన్నవాడికి నకలు అందించడం తప్పా అన్న ప్రశ్న సరిగ్గా ఇదే రూపంలో ఒకసారి కోర్టుకెక్కింది. 2000 జనవరిలో అమెరికాలో ఎమ్‌పీత్రీ డాట్ కామ్ అనే కంపెనీ ఒక ఏర్పాటు చేసింది. మీ దగ్గరున్న పాటల డిస్కును మీ కంప్యూటర్లో పెట్టి చూపిస్తే, అది మీదేనని గుర్తించి, అదే డిస్కు నకలును తన భాండాగారం నుంచి మీకెక్కడైనా వినిపిస్తుంది. ఇందుకోసం వేల డిస్కులను తానే కొని ముందుగా నకలు చేసిపెట్టుకుంది. రికార్డు కంపెనీలు దావా వేశాయి. శ్రోత ముందే వెల చెల్లించాడు గదా అన్న వాదనను న్యూయార్కు ఫెడరల్ జడ్జి జెడ్ రాకాఫ్ అంగీకరించలేదు. కంపెనీ తన వ్యాపారం కోసం నకళ్ళు తీసింది, అది ఉల్లంఘనే అన్నారు. నవంబరు నాటికి ఒక్క యూనివర్సల్ సంస్థకే 5 కోట్ల 34 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడవలసి వచ్చింది. గమనించవలసినదేమంటే దావా మధ్యవర్తి మీద, శ్రోత మీద కాదు. అంతకు ముందు ఏడు, 1999లో, తన డిస్కులోని పాటను జేబులో పట్టే చిన్న యంత్రంలోకి మార్చుకోవడం సొంత వినియోగమేనని అదే దేశంలో మరో కోర్టు అన్నది. ఆ రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే మన పాఠకుడి స్థితి తెలుస్తుంది: సొంత చేత్తో చేసుకుంటే సరే, మరొకడు చేసిపెడితే ఆ మరొకడు దోషి. పేజీ పేజీ ఫొటో తీసుకునే ఓపికా చూపూ ఉన్నవాడికి హక్కు ఉంటుంది, ముసలివాడికి ఉండదు. (చూపు లేనివారి కోసం 2012 సవరణలో వేరే నిబంధన చేర్చారు, 2014లో మరాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వాన్ని మెచ్చుకోవచ్చు.)

బ్రిటన్ 2014 అక్టోబరులో సొంత నకలును చట్టబద్ధం చేసింది. హక్కుదారులకు పరిహారం ఊసు లేదని సంగీతకారుల సంఘాలు అభ్యంతరం చెప్పగా 2015 జులైలో హైకోర్టు దాన్ని రద్దు చేసింది. జర్మనీ మరో దారి పట్టింది. 1965 నుంచే రికార్డు చేసే యంత్రాల మీద కొంత రుసుము వసూలు చేసి కళాకారులకు పంచుతూ, ఇళ్ళలో జరిగే నకళ్ళను వదిలేసింది. మన దేశంలో అలాంటి రుసుము లేదు. ఉంటే అది రచయితకు చేరేదా, మధ్యలో ఆగేదా అన్నది మన రాయల్టీల అనుభవం ఉన్నవాళ్ళను అడగాలి.

ఇప్పుడు మన తెలుగు పుస్తకాల దగ్గరికి రావాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో అధికభాగం ఎక్కడివి? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పథకానివి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, 2000 తర్వాత హైదరాబాదు, తిరుపతి వంటి చోట్ల గ్రంథాలయాల పుస్తకాలను వరసబెట్టి స్కాన్ చేశారు. స్వామ్యం తీరిన పుస్తకమూ, నిన్నమొన్న రాసిన పుస్తకమూ ఒకే గంపలో పడ్డాయి. తెలుగు పేర్లను రోమను లిపిలో ఎక్కించిన తీరు చూస్తే రచయితలే తమ పుస్తకాలను పోల్చుకోలేరు. కొన్నిటికి పేజీలు తలకిందులు, కొన్నిటికి లేనేలేవు. అయినా ఆ గదుల్లో కూర్చుని లక్షల పేజీలు తిప్పినవాళ్ళ శ్రమ లేకపోతే మన సాహిత్యంలో ఒక పెద్ద భాగం ఈపాటికి పొడి అయి ఉండేది. 2017లో కాపీరైటు అభ్యంతరాలతో ఆ సైటు మూతపడింది. అప్పటికే లక్షల పుస్తకాలను స్వచ్ఛందులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరవేశారు. ఆ ఆర్కైవ్ సంస్థ ఒక అచ్చుప్రతి తన దగ్గరుంటే ఒక్క డిజిటల్ ప్రతిని ఒక్క పాఠకుడికి ఎరువిస్తానన్న నియమంతో పుస్తకాలిచ్చింది. కరోనా కాలంలో కొన్నాళ్ళు ఆ నియమాన్ని సడలించింది. 2020లో నలుగురు పెద్ద ప్రచురణకర్తలు దావా వేయగా 2023లోనూ, అప్పీలులో 2024 సెప్టెంబరులోనూ ఓడిపోయింది. సొంత పుస్తకం, సొంత నకలు, ఒకరికి ఒకటి అన్న నియమం కూడా కోర్టులో నిలబడలేదు.

వీటిలో స్వామ్యం తీరిన పుస్తకాల మీద తగవే లేదు. రచయిత మరణించిన మరుసటి జనవరి నుంచి అరవై ఏళ్ళు లెక్క. గురజాడ, కందుకూరి ఎప్పుడో ప్రజల సొత్తయ్యారు. 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" 2019 నుంచి అందరిదీ. పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయాడు. ఆయన రచనలు 2022లో విముక్తమయ్యాయి. 1962లో పోయిన గోపీచంద్‌వి 2023లో. చలానికి 2039 చివరిదాకా, కుటుంబరావుకు 2040 చివరిదాకా, శ్రీశ్రీకి 2043 చివరిదాకా స్వామ్యం నడుస్తుంది.

శ్రీశ్రీ విషయంలో ఒక ముచ్చటైన చిక్కు ఉంది. 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి "మహాప్రస్థానం"ను కవి సొంత దస్తూరీతో అచ్చు వేయించారు, కవి కంఠంతో కేసెట్టు కూడా తెచ్చారు. ఆ కేసెట్టు కొన్నవాళ్ళ ఇళ్ళలో ఇవాళ దాన్ని తిప్పే యంత్రం లేదు. చాలాచోట్ల టేపు చెమ్మకు అంటుకుపోయింది. ధ్వనిముద్రణకు ప్రచురణ నుంచి అరవై ఏళ్ళు గనుక 2041 చివరిదాకా స్వామ్యం ఉంటుంది. కేసెట్టు అప్పటిదాకా ఉండదు. చట్టం రక్షించే కాలం కన్నా వస్తువు బతికే కాలం తక్కువ. అలాంటి కేసెట్టు అటకమీద ఉన్నవాడు అదే గొంతును ఇంటర్నెట్ నుంచి దించుకుంటే నష్టపోయినవారెవరు? శ్రీశ్రీ శ్రమకు కట్టిన వెల ఆ కేసెట్టు అమ్మిన రోజే ముట్టింది. అతడు మరో కేసెట్టు కొనడం మానేశాడనుకుందామంటే, కొనడానికి దుకాణంలో మరో కేసెట్టు లేదు.

నీతి ప్రశ్నను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎవరి శ్రమ ఎగవేతకు గురైంది? ఈ ప్రశ్నకు జవాబు దొరకనిచోట దొంగ అన్న మాట వాడటం అన్యాయం. దొరికినచోట మాత్రం దాక్షిణ్యం అక్కర్లేదు. తెలుగులో సొంత డబ్బుతో అయిదువందల ప్రతులు వేయించుకుని, దుకాణాలకు కమిషనిచ్చి, మిగిలిన కట్టలు మంచం కింద పెట్టుకున్న రచయితలే ఎక్కువ. ఆ కట్ట కరగకముందే పుస్తకాన్ని స్కాన్ చేసి వాట్సాప్ గుంపుల్లో పంచేవాడు సాహిత్యసేవ చేస్తున్నానని చెప్పుకుంటాడు. అతడు బహుళజాతి కంపెనీని దోచుకోవడం లేదు, పక్క ఊరి టీచరు జీతాన్ని దోచుకుంటున్నాడు. ఆ గుంపులో నుంచి దించుకున్నవాడు తన దగ్గర అచ్చుప్రతి ఉందన్నా, ఆ పంపకానికి ఒక మెచ్చుకోలు చేర్చినట్టే. బతికున్న రచయిత, దొరికే పుస్తకం అయినప్పుడు తన ప్రతికి తానే నకలు తీసుకోవాలి, లేదా రచయితను అడగాలి. మన రచయితలు అడిగితే కాదనరు. అడిగినవాడు ఉన్నాడన్న సంతోషంతో రెండు ప్రతులు ఎక్కువే ఇస్తారు.

కొన్నానన్న మాటకు కూడా హద్దులున్నాయి. పాత ముద్రణ నా దగ్గరుందని కొత్త పీఠికతో, కొత్త వివరణలతో, తప్పులు దిద్ది వేసిన సంపుటాన్ని ఉచితంగా దించుకోవడం కుదరదు. అందులో కొత్త శ్రమ ఉంది. అచ్చు పుస్తకం ఉన్నంత మాత్రాన, మరొకరు చదివి రికార్డు చేసిన శ్రవ్యపుస్తకం మీద హక్కు రాదు. అలాగే పుస్తకాన్ని పాత పుస్తకాలవాడికి అమ్మేసి నకలు మాత్రం ఉంచుకుంటే, ఒక వెలకు ఇద్దరు పాఠకులు ఏకకాలంలో తయారవుతారు. పుస్తకం చేయి మారితే నకలు కూడా దాని వెంట పోవాలి. తనిఖీ చేసేవాడెవడూ ఉండడు గనుక ఇది పూర్తిగా పాఠకుడి నిజాయితీ మీద ఆధారపడ్డ నియమం.

పాఠకుడి నిజాయితీని ఇంతగా తూకం వేసేవాళ్ళు అమ్మేవాడి నిజాయితీని కూడా తూచాలి. తెర మీద "కొనండి" అని బొత్తం ఉంటుంది. డబ్బు కట్టాక, సన్నని అక్షరాల్లో, మీరు కొన్నది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి మాత్రమేనని ఉంటుంది. 2009 జులైలో అమెజాన్ సంస్థ, హక్కులు లేనివాడు అమ్మాడన్న కారణంతో, కొన్నవాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచి ఆర్వెల్ పుస్తకాలను రాత్రికి రాత్రి చెరిపేసింది. చెరిగిపోయినవాటిలో "1984" ఉండటం చరిత్ర చేసిన పరిహాసం. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేస్తే, అక్కడ కొన్నవన్నీ చదవడానికి వీల్లేకుండా పోయాయి. డబ్బు తిరిగి ఇచ్చారు గాని అంచుల్లో రాసుకున్న గమనికలను ఎవరిస్తారు? ఏలూరు రోడ్డులో పుస్తకం అమ్మినవాడు నలభై ఏళ్ళ తర్వాత రెడ్డిగూడెం వచ్చి అటక ఎక్కి పుస్తకం పట్టుకుపోతే ఊరంతా పోగవుతుంది. తాళం వేసిన ఈ-పుస్తకాన్ని తాళం తీసి దాచుకోవడం నేరమా అంటే, 65-ఏ సెక్షన్ ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవాడికి రెండేళ్ళ జైలు అంటుంది. చట్టం నిషేధించని పని కోసం తీస్తే అడ్డు లేదని అదే సెక్షన్ రెండో భాగంలో ఉంది. "ఉద్దేశంతో" అన్న ఆ ఒక్క మాట మన చట్టాన్ని అమెరికా చట్టం కన్నా పాఠకుడికి దగ్గర చేసింది. దాన్ని సవరణల్లో పోనివ్వకుండా కాపాడుకోవలసిన బాధ్యత రచయితల సంఘాలది కూడా.

రచయిత తలచుకుంటే ఈ గొడవలో చాలాభాగం పార్లమెంటు దాకా పోకుండానే తీరుతుంది. 21వ సెక్షన్ ప్రకారం రచయిత తన హక్కులన్నిటినీ గాని, కొన్నిటిని గాని బహిరంగ ప్రకటనతో వదులుకోవచ్చు. అంత దూరం పోనక్కరలేదు, 30వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా అనుమతి ఇస్తే చాలు. మన సంఘ సభ్యుల పుస్తకాల్లో "సర్వస్వామ్యములు" అన్న వాక్యం కింద మరో మూడు వాక్యాలు వేయవచ్చు: ఈ పుస్తకం కొన్నవారు తమ వినియోగానికి ఏ రూపంలోనైనా నకలు తీసుకోవచ్చు, ఎక్కడి నుంచైనా దించుకోవచ్చు. పుస్తకం మరొకరికి ఇచ్చేస్తే నకలు తుడిచెయ్యాలి. వరసగా మూడేళ్ళు అచ్చులో దొరక్కపోతే ఎవరైనా నకలు తీసి వెల లేకుండా పంచవచ్చు. మూడో వాక్యానికి ప్రచురణకర్తలు ఒప్పుకోరు. మూడేళ్ళలో రెండో ముద్రణ వేస్తారా అని వాళ్ళను ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే అడగాలి, పుస్తకం అచ్చయ్యాక కాదు.